ఇంట నాలుగు టీవీలు, తెలుగక్షరం ఏ గదిలో?



ఈ పర్యాయం ఛందస్సు గురించి గాని, వేళకు చేరని పాఠ్యపుస్తకాల గురించి గాని వ్రాయబోవుట లేదు. టీవీల గురించి వ్రాస్తున్నాను. ముప్పది ఏండ్లుగా సుద్దముక్క పట్టినవానికి టీవీలతో ఏమి పని అని నవ్వకండి. చివరకు సంగతి మన బడికే వచ్చును.

గత మాసంలో నా పూర్వవిద్యార్థి ఒకడు షోళింగనల్లూరులో, పెరుంబాక్కం వెళ్లు దారిలో కొత్తగా కొనుక్కున్న ఫ్లాటుకు నన్ను పిలిచాడు. తొమ్మిదవ అంతస్తు. హాలులో ఒక టీవీ, దంపతుల గదిలో ఒకటి, పిల్లల గదిలో ఒకటి, నెల్లూరు నుండి వచ్చి ఉంటున్న వాళ్ల అమ్మగారి గదిలో ఒకటి, వెరసి నాలుగు. ఏ టీవీ క్రిందనూ పెట్టె లేదు. చెప్పుల బీరువా పైఅర తెరిచి చూపించాడు. లోపల ఒక పాత కంప్యూటరు, దాని ప్రక్కన అరచేయంత స్విచ్చి, అందులోనుండి గోడల లోపలికి పోయిన నాలుగు తీగలు.

"ఇంటికంతటికీ ఇదొక్కటే సార్. సినిమాలు, పాటలు, పెళ్లి వీడియోలు, ఫోటోలు అన్నీ దీంట్లోనే. ఎవరి గదిలో వాళ్లు తమకు కావలసింది చూసుకోవచ్చు. ఒకరిది ఒకరికి అడ్డం రాదు" అన్నాడు.

ముచ్చటపడ్డాను. నా శిష్యుడు గదా! తెర మీద అరల పేర్లు వరుసగా కనబడుతున్నవి. ఇంగ్లీష్, తమిళ్, హిందీ, కార్టూన్స్, కిడ్స్ రైమ్స్, అదర్స్. అన్నీ ఇంగ్లీషు లిపిలోనే.

"అదర్స్ అంటే ఏమి నాయనా?"

"అదా సార్... తెలుగు. అమ్మ కోసం కొన్ని వేసి ఉంచాను."

వీడికి నేను చంపకమాల గణాలు నేర్పినాను. వీడు ఒకనాడు తరగతిలో భాగవత పద్యం తప్పులేకుండా అప్పజెప్పినాడు. వీడి ఇంట తెలుగు పేరు "ఇతరములు".

అంతటితో ఆగలేదు. అదర్స్ అరలోని పాత సినిమా ఒకటి అమ్మగారి గదిలో అప్పుడే ముగిసినది. చివర "శుభం" అని వచ్చును గదా, అక్కడ బొమ్మను నిలిపి, ఐదవ తరగతి చదువుతున్న అతని కూతురిని పిలిచి ఏమి వ్రాసి ఉన్నదమ్మా అని అడిగాను. ఆ పిల్ల తెలుగు వినవలె, నెల్లూరి యాస పొల్లు పోకుండా నాయనమ్మ నుండి వచ్చినది. క్షణం చూసి, "అది ముగ్గు కదా తాతయ్యా?" అన్నది.

నాకు ఆ రాత్రి నిద్ర పట్టలేదు. ఈ వ్రాత అందులోనుండి పుట్టినది.

తల్లిదండ్రులారా, మీతోనే నా పోట్లాట. కోపగించుకోకండి. "చెన్నైలో తెలుగెక్కడ సార్, బడిలో లేదు, వీధిలో లేదు, మేమేం చేయగలం" అని మీరు నాతో ఎన్నిమార్లు అన్నారో లెక్క లేదు. బడి విషయంలో మీ మాట కొంత నిజం. 2006లో తమిళ బోధనా చట్టం వచ్చినది. 1వ తరగతితో ఆరంభించి ఏడాదికొక తరగతి చొప్పున తమిళం తప్పనిసరి అయి, 2015-16 నాటికి 10వ తరగతిని తాకినది. అంతకుముందు మొదటి భాషగా ఉండిన తెలుగు ఐచ్ఛికపు అరలోనికి జరిగినది. న్యాయస్థానాల మెట్లెక్కి మినహాయింపులు తెచ్చుకొనవలసి వచ్చినది. తమిళం మీద నాకు ద్వేషం లేదు. ఈ నేల భాష అది, మన పిల్లలు చక్కగా నేర్చుకొనవలసినదే. 2011 జనగణన ప్రకారం ఈ రాష్ట్రంలో 42 లక్షలకు పైగా ఉన్న తెలుగువారి బిడ్డలు తమ అక్షరం కూడా నేర్వవలెనన్నదే నా బాధ.

బడి సంగతి ప్రభుత్వాలు, న్యాయస్థానాలు చూసును. మీ చెప్పుల బీరువా పైఅరలో ఉన్న కంప్యూటరుకు తెలుగు వద్దన్న చట్టం ఏది? దానిని ఏ న్యాయమూర్తి శాసించెను?

కొంచెం వెనుకకు వెళదాం. 2003 సెప్టెంబరు 1 నుండి చెన్నైలో కండిషనల్ యాక్సెస్ పద్ధతి అమలైనది జ్ఞాపకమున్నదా? డబ్బు చెల్లించు చానళ్లు రావలెనన్న టీవీకొక పెట్టె కావలెను. రెండు టీవీలకు రెండు పెట్టెలు, రెండు చందాలు. 2006 నుండి 2011 వరకు ఈ రాష్ట్ర ప్రభుత్వం కోటిన్నరకు పైగా రంగుల టీవీలను ఉచితంగా పంచిపెట్టినది. తెలుగును ఐచ్ఛికం చేసిన ఏడును, ఇంటికి టీవీ ఇచ్చుట ఆరంభించిన ఏడును ఒకటే. దానిని కుట్ర అనను, కాకతాళీయమే. కాని ఏమి పోయి ఏమి వచ్చినదో చూడండి. 2020లో ట్రాయ్ సంస్థ, ఒకే ఇంటి రెండవ టీవీకి నెట్‌వర్కు రుసుములో 40 శాతానికి మించి వసూలు చేయరాదని ఆజ్ఞాపించవలసి వచ్చినది. ఇంట టీవీలు అంతగా పెరిగినవన్నమాట. ఇన్నేళ్లలో ఏ టీవీలో ఏమి రావలెనో నిర్ణయించినది మనం కాదు. కేబులువాడు నిర్ణయించెను, చానలువాడు నిర్ణయించెను. అప్పుడు మీరు "మేమేం చేయగలం" అంటే ఒప్పుకొనేవాడిని.

ఇప్పుడు ఒక్క కంప్యూటరు నాలుగు టీవీలను నడుపుచున్న ఇంట చానలువాడు ఎవరు? మీరే. ఏ అర ముందు ఉండవలెను, దాని పేరు ఏ లిపిలో ఉండవలెను, బొమ్మ క్రింద ఏ అక్షరాలు రావలెను, ఈ మూడును మీ చేతిలోనే ఉన్నవి. ఇంత అధికారం చేతికి వచ్చిన తరువాత కూడా తెలుగును "అదర్స్" లో పడవేసినవాడు ఇక ప్రభుత్వాన్ని తిట్టుటకు అర్హుడు కాడు.

"ఓటీటీలో తెలుగు బోలెడు ఉన్నది గదా సార్" అని ఒక తల్లి అన్నారు. ఉన్నది తల్లీ. చెవికి తెలుగు ఉన్నది. కంటికి ఏమున్నది? చాలా వాటిలో మాట తెలుగు, క్రింద నడిచే అక్షరం ఇంగ్లీషు. పాటలకు సాహిత్యం వేసినా, తెలుగు మాటలను ఇంగ్లీషు అక్షరాలతో కూర్చి వేస్తారు. మన పిల్ల రోజుకు గంటసేపు తెలుగు వింటూ ఇంగ్లీషు చదువుతున్నది. పదేళ్లు ఇట్లా గడిస్తే "శుభం" ముగ్గు గాక మరేమగును?

ఇందుకు మందు కనిపెట్టినవారు మన దేశంలోనే ఉన్నారు. అహమ్మదాబాదు ఐఐఎంలో పనిచేసిన బ్రిజ్ కొఠారి గారికి 1996లో ఈ ఆలోచన వచ్చినది. స్పానిష్ నేర్చుకుంటూ స్పానిష్ చిత్రాన్ని చూస్తున్నప్పుడు, క్రింద ఇంగ్లీషుకు బదులు స్పానిష్ మాటలే వేస్తే ఇంకా బాగుగా పట్టుబడునే అని తోచినదట. ఆ పద్ధతిని మన దూరదర్శన్ పాటల కార్యక్రమాలకు తెచ్చారు. పాట ఏ భాషలో ఉన్నదో అదే భాషలో, అదే లిపిలో సాహిత్యం తెర అడుగున నడచును. పాడుతున్న మాట రంగు మారును. కొద్దిగా అక్షరాలు వచ్చి మరచిపోతున్నవారికి, చదువు నిలువని పిల్లలకు ఇది పనికివచ్చునని ఆయన బృందం చూపినది. మన పిల్లలకు ఇంతకన్న సరిపోవు పద్ధతి లేదు. ఎందుకంటే వారికి మాట ముందే వచ్చును. రానిది అక్షరమొక్కటే. అర్థం తెలిసిన మాటను కంటితో పోల్చుకొనుట, అర్థం తెలియని మాటను కూడబలుక్కొనుటకన్న ఎంత సులువో ఒకటవ తరగతి చెప్పిన ప్రతి ఉపాధ్యాయునికీ తెలుసు.

ఇక యంత్రం సంగతి. నేను ఇంజనీరును కాను. ఉపాధ్యాయ శిక్షణ పత్రం తప్ప నాకు వేరే పట్టా లేదు. చేసి, చెడి నేర్చుకొన్నది చెబుతున్నాను.

మా బడిలో మొదట నేను చేసిన తెలివితక్కువ పని వినండి. నాలుగు గదులకు నాలుగు పాత టీవీలు దాతలు ఇచ్చారు. ఒక కంప్యూటరు ఉన్నది. అంగడివాడు చెప్పగా హెచ్‌డీఎమ్‌ఐ స్ప్లిటరు ఒకటి కొన్నాను. తగిలించి 6వ తరగతికి వేమన పద్యాల పాఠం వేశాను. 9వ తరగతి గదిలోనూ వేమనే, 10వ తరగతిలోనూ వేమనే! స్ప్లిటరు ఒకే బొమ్మను నాలుగు చోట్లకు పంచునే గాని, నాలుగు బొమ్మలను పంపలేదు. పైగా వరండా చివర గదికి తీగ పదిహేను మీటర్లు దాటేసరికి బొమ్మ వచ్చుచు పోవుచు ఉండెను. 9వ తరగతివారు రెండు రోజులు సంతోషించారు.

సరియైన పద్ధతి వేరు. కంప్యూటరు బొమ్మను పంపరాదు, దస్త్రాన్ని వడ్డించవలెను. జెల్లీఫిన్ వంటి ఉచిత సాఫ్ట్‌వేర్ ఒకటి కంప్యూటరులో వేసిన చాలును. ఆండ్రాయిడ్ టీవీలలో దాని యాప్ వేసుకొనవచ్చును. పాత టీవీకైతే వెనుక ఒక చిన్న కడ్డీ గాని, కోడి సాఫ్ట్‌వేర్ వేసిన రాస్ప్‌బెర్రీ పై గాని తగిలించవలెను. అప్పుడు ప్రతి టీవీ తనకు కావలసినది తానే అడిగి తెచ్చుకొనును. మంచి స్పష్టత గల చిత్రానికి సెకనుకు ఎనిమిది, పది మెగాబిట్లు చాలును. నాలుగు టీవీలు ఒకేసారి నడిచినా నలభై. నూరు మెగాబిట్ల తీగ అవలీలగా మోయును. వైఫై మీద ఆధారపడకండి, అపార్టుమెంటులో ఇరుగుపొరుగు వైఫైలన్నీ ఒకదానినొకటి త్రోసుకొనును. ఇంటిలోపలి తీగలకు ఇంటర్నెట్టు అక్కరలేదు. 2023 డిసెంబరు తుపానులో మన ప్రాంతం నీటమునిగి నెట్టు పోయిన రోజులు మరచిపోలేదు గదా. కరెంటు ఉన్నచో ఈ ఏర్పాటు అప్పుడు కూడా నడచును.

కంప్యూటరు ఎంత శక్తి గలది కావలెను? టీవీకి అర్థమయ్యే రూపంలో దస్త్రం ఉన్నచో పాత యంత్రమైనా చాలును, అది పోస్టుమాను పని మాత్రమే చేయును. టీవీకి అర్థం కానిచో అప్పటికప్పుడు వేరే రూపానికి మార్చి పంపవలెను. మూడు టీవీలకు ఒకేసారి అట్లా మార్చబోయినచో పాత యంత్రం మూర్ఛపోవును. కనుక వీడియోలను ముందుగానే అన్ని టీవీలకు తెలిసిన హెచ్.264 రూపంలో పెట్టుకొనండి. మనం కొన్న డిస్కులు, మనం తీసిన వీడియోలు, బడి పాఠాలు ఇవే వేసుకొనండి. ఎవరిదో దొంగ నకలు వద్దు. తెలుగు నేర్పుటకు దొంగతనం అక్కరలేదు.

అసలు చిక్కు ఇక్కడ మొదలైనది. పాఠానికి తెలుగు ఉపశీర్షికలు నేనే కూర్చొని టైపుచేసి, యూటీఎఫ్-8 రూపంలో దాచి, వీడియో పేరే దానికీ పెట్టి వేశాను. ఒక టీవీలో అన్నీ గడులు. ఇంకొక టీవీలో అక్షరాలు వచ్చినవి గాని ఒత్తులు ఊడి ప్రక్కన పడినవి. "స్త్రీ" అన్న మాట మూడు ముక్కలై పొల్లులతో నిలుచున్నది. మరొక దానిలో గుడి ఒకచోట, అక్షరం ఒకచోట.

ఇది నాకు వచ్చిన కోపంలో పెద్ద కోపం. యూనికోడులో తెలుగుకు 1991లోనే చోటు దొరికినది. ఒత్తులను కూర్చు విద్య కంప్యూటర్లకు వచ్చి రెండు దశాబ్దాలు దాటినది. కోట్లమంది తెలుగువారికి టీవీలు అమ్ముకొను వ్యాపారులు, ఆ టీవీలో ఒక "క్ష్మ" సరిగా పడుతున్నదా అని చూడరా? 2018 ఫిబ్రవరిలో ఏమి జరిగినదో గుర్తున్నదా? "జ్ఞా" అన్న కూర్పు ఒకటి సందేశంలో వచ్చినంతనే ఐఫోన్లలోని యాప్‌లు కుప్పకూలినవి. ఆపిల్ సంస్థ హుటాహుటిన సవరణ విడుదల చేసినది. ప్రపంచమంతా ఒక వారం నవ్వుకొన్నది. జ్ఞానంలోని మొదటి అక్షరం వారి యంత్రాన్ని పడగొట్టినది గనుక దిద్దుకొన్నారు. టీవీలో మన ఒత్తులు ఊడితే వారి యంత్రం పడిపోవుట లేదు, మన పిల్లల చదువు మాత్రమే పడిపోవును. అందుకే ఎవరికీ తొందర లేదు. మనం అడుగుట లేదు, అది మన తప్పు.

అడగండి. టీవీ కొనబోవునప్పుడు ఒక పెన్‌డ్రైవులో చిన్న వీడియో, దానికి తెలుగు ఉపశీర్షిక వేసుకొని వెళ్లండి. అందులో "జ్యోత్స్న, ఉచ్ఛ్వాసం, స్త్రీ, లక్ష్మి" అని ఉంచండి. అంగడిలోనే తగిలించి చూపించమనండి. సరిగా పడనిచో కారణం చెప్పి బయటకు రండి. రంగులు ఎట్లున్నవి, ధ్వని ఎట్లున్నదని అరగంట పరీక్షించెదరు గదా, అక్షరానికి ఒక నిమిషం ఇవ్వలేరా?

ఇంట ఇప్పటికే ఉన్న టీవీలకు మరొక ఉపాయం. ఉపశీర్షికను టీవీ చేత వ్రాయించక, కంప్యూటరులోనే బొమ్మ మీద అచ్చువేయించవలెను. జెల్లీఫిన్‌లో అట్టి అమరిక కలదు. అయితే అప్పటికప్పుడు అచ్చువేయుట యంత్రానికి బరువు. నేను రాత్రి వేళ ఒక్కొక్క వీడియోకు అక్షరాలు అచ్చువేయించి వేరే దస్త్రంగా దాచి ఉంచుచున్నాను. తెల్లవారేసరికి సిద్ధం. ఆ తరువాత ఎంత పాత టీవీ అయినా సరే, అక్షరం కూడా బొమ్మలో భాగమే గనుక ఒత్తు ఊడదు.

ఇక సహోపాధ్యాయులతో రెండు మాటలు. "స్మార్ట్ క్లాస్ పెట్టించలేదండీ, మేమేం చేస్తాం" అను మాట మీ నోట వినుట నాకు సిగ్గుగా ఉన్నది. గదికొక సరంజామా, ఏటికేట చందా అని అమ్మజూపువారు మా బడికీ వచ్చారు. వారి పెట్టెలో ఇంగ్లీషు పాఠాలు, లెక్కలు అన్నీ ఉన్నవి. తెలుగు పాఠాలెక్కడ అని అడిగితే "డిమాండ్ లేదు సార్" అన్నారు. నాలుగు గదులకు ఒక్క పాత కంప్యూటరు చాలునని తెలిసిన తరువాత వారి గుమ్మం చూడనక్కరలేదు. పాఠం మాత్రం మనమే చేసుకొనవలెను. అది మన పనే గదా!

"పిల్లలు ఇప్పటికే టీవీకి అతుక్కుపోయారు, మీరు ఇంకా చూడమంటారా" అని అడిగే తల్లిదండ్రుల మాటలో న్యాయమున్నది. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో చెప్పినది గదా, రెండేండ్లలోపు బిడ్డలకు తెరే వద్దు, నాలుగేండ్ల వరకు రోజుకు గంట మించరాదు అని. నేను ఒక్క నిమిషం కూడా ఎక్కువ చూడమనుట లేదు. ఎట్లాగూ చూచు గంటలో అడుగున అక్షరం నడిపించమంటున్నాను. పుస్తకం దీనికన్న మేలు కాదా అంటారు. వేయిమార్లు మేలు. మీ ఇంట తెలుగు పుస్తకం ఉన్నచో ఈ వ్రాతను ఇక్కడితో వదిలి ఆ పుస్తకం పిల్లకు ఇవ్వండి.

ఉపశీర్షికలు ఎవరు వ్రాయవలెను? పిల్లలే. నేను 8వ తరగతివారికి ఉక్తలేఖనం మానివేసి ఈ పని ఇచ్చాను. నాలుగు నిమిషాల వీడియో. ఆపి, విని, వ్రాసి, ఏ క్షణానికి ఏ పంక్తి రావలెనో ప్రక్కన వేసి తెచ్చెదరు. నేను దిద్దెదను. తమ అక్షరం నాలుగు గదుల టీవీలలో పడుననగానే, పదిమార్లు చెప్పినా "ణ", "న" తేడా పట్టించుకోనివాడు వచ్చి "ఇది ఏ ణ సార్" అని అడుగుచున్నాడు.

నా శిష్యుని ఇంటికి పదిహేను రోజుల తరువాత మరల వెళ్లాను. అరల పేర్లు తెలుగు లిపిలోనికి మార్పించాను. "అదర్స్" పోయి "మన తెలుగు" మొదటి వరుసకు వచ్చినది. వాళ్ల అమ్మగారు వంటింటిలో నిలుచుని, ఎసరు పెట్టుట మొదలు మామిడికాయ వేసిన చేపల పులుసు దించుట వరకు తన మాటలలో చెప్పగా, అతడే ఫోనులో తీశాడు. ఆ రాత్రి దానికి ఉపశీర్షికలు నేనే వ్రాసి పంపినాను. నాలుగు టీవీలలోనూ పడినది. పిల్లకు రోజుకు నాలుగు అక్షరాల చొప్పున నేర్పవలెనని వాళ్ల నాయనమ్మతో ఒప్పందం.

మూడు వారాల క్రిందటి మాట. రాత్రి భోజనాల వేళ ఫోను మ్రోగినది. ఆ పిల్లే.

"తాతయ్యా, నాయనమ్మ ఎసరు అంటావుంది. మీరు ఏసరు అని రాశారు. అది ఎ కదా? ఏ కాదు కదా?"

తీసి చూచుకొన్నాను. తప్పు నాదే. ఆ రాత్రే దిద్ది, మరల అచ్చువేయించి పంపినాను.